ఆచార్య రాజ్ రెడ్డి: వాగ్గ్రహణ శాస్త్రము

మానవుని వాక్కును యంత్రము గ్రహింపగలదా యను ప్రశ్న భాషాశాస్త్రమునకును, గణనశాస్త్రమునకును పొలిమేరయందు నిలిచిన ప్రశ్న. వర్ణమన నేమి? ఒక పదము ముగిసి మరియొక పదము మొదలగు చోటు ఏది? ఒకే వాక్యమును పదుగురు పది విధముల పలికినను శ్రోత దానిని ఒకే వాక్యముగ నెట్లు గ్రహించును? ఇట్టి విషయములు ప్రాచీన శిక్షాకారులకును, ప్రాతిశాఖ్యకర్తలకును విచార్యములే. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ ప్రశ్నలే కొత్త రూపమున కంప్యూటరు శాస్త్రజ్ఞులకు ఎదురైనవి. వాని పరిష్కారమునకై పలు దశాబ్దములు కృషి చేసినవారిలో తెలుగునాట పుట్టిన ఆచార్య డబ్బాల రాజగోపాల రెడ్డిగారు అగ్రగణ్యులు. రాజ్ రెడ్డి యను సంక్షిప్త నామముతో ప్రపంచమున ప్రసిద్ధి గాంచిన వీరి జీవితమును, బోధనను, యంత్ర నిర్మాణములను వివరించి, అవి భారతీయ భాషా పండితులకు ఏ విధమున సంబంధించినవో తెలుపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

బాల్యము, విద్యాభ్యాసము

రెడ్డిగారు 1937వ సంవత్సరము జూన్ 13వ తేదీన, నాడు మద్రాసు రాజధానిలో చేరియున్న చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసులు రెడ్డి, తల్లి పిచ్చమ్మ. వారిది వ్యవసాయ కుటుంబము. ఆ కుటుంబమున కళాశాలకు పోయి చదివినవారిలో వీరే ప్రథములు. 1794లో సర్వే పాఠశాలగ ఆరంభమై క్రమముగ పెరిగిన గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1958లో వీరు సివిల్ ఇంజనీరింగు పట్టమును పొందిరి.

పిమ్మట ఆస్ట్రేలియాకు పోయి, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1960లో ఎం.టెక్. పట్టమును గైకొనిరి. ఆ విశ్వవిద్యాలయమున 1956 నుండియు ఊటెకాం అను గణనయంత్రము పనిచేయుచుండెను. ఆ కాలమున కంప్యూటరు గల విద్యాసంస్థలు ప్రపంచమున నేటివలె విస్తారముగ లేవు. 1960 మొదలు 1963 వరకు రెడ్డిగారు ఆస్ట్రేలియాలోని ఐ.బి.ఎం. సంస్థలో ఉద్యోగము చేసిరి. వంతెనలను, కట్టడములను గూర్చి చదివిన విద్యార్థి గణనయంత్రములకు మరలుట ఆనాడు వింతకాదు. కంప్యూటరు శాస్త్రమను పేరిట ప్రత్యేక శాఖలు అప్పటికి అరుదు. ఆ విద్యకు వచ్చినవారందరు గణితమునుండియో, భౌతికశాస్త్రమునుండియో, ఇంజనీరింగునుండియో వచ్చినవారే.

1963లో వీరు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. అచట వీరికి గురువు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ యను అర్థము గల ఆంగ్లనామమును 1955లో ఒక ప్రతిపాదన పత్రమున వాడి, ఆ శాస్త్రమునకు పేరు నిలిపినవారిలో ముఖ్యుడాయన. 1966లో రెడ్డిగారికి డాక్టరేటు లభించినది. వాక్తరంగమును నేరుగ విశ్లేషించి, పలికిన మాటను కంప్యూటరుచేత గ్రహింపజేయుట వారి పరిశోధనా విషయము.

సమస్యా స్వరూపము

వ్రాసిన వాక్యమునకును, పలికిన వాక్యమునకును గల భేదము భాషా పండితులకు విదితమే. అయినను యంత్రము దృష్టితో చూచినపుడు ఆ భేదము ఎంత లోతైనదో స్పష్టమగును. గాలియందలి కంపనమును మైక్రోఫోను విద్యుత్ప్రవాహముగ మార్చును. ఆ ప్రవాహమును సెకనునకు వేలకొలది పర్యాయములు కొలిచినచో వేలకొలది అంకెలు వచ్చును. యంత్రమునకు చేరునది ఈ అంకెల వరుస మాత్రమే. ఆ వరుసలో వర్ణములు లేవు, పదములు లేవు, పదముల నడుమ ఖాళీలును లేవు. మనము వ్రాతలో విడిచిపెట్టు ఎడము నోటిమాటయందు ఉండదు. ఒకే వర్ణము పక్కనున్న వర్ణములనుబట్టి రూపు మార్చుకొనును. పురుషుని కంఠము, స్త్రీ కంఠము, బాలుని కంఠము వేరువేరు అంకెల వరుసలను పుట్టించును.

స్టాన్‌ఫర్డులో 1966 నుండి 1969 వరకు ఉపాచార్యులుగ పనిచేయుచు రెడ్డిగారు ఈ సమస్యను అంచెలంచెలుగ ఎదుర్కొనిరి. నోటిమాటతో ఆజ్ఞాపించినంతనే యంత్రహస్తము బల్లపైనున్న దిమ్మెలను కదల్చునట్టి ప్రదర్శనలు ఆ కాలమునకు చెందినవే. వారి శిష్యుడు పియేర్ విసెన్స్ 1969లో సమర్పించిన సిద్ధాంత గ్రంథమునందలి విధానము, విడివిడిగ పలికిన 561 పదములను గుర్తింపగలిగినది. పదములను విడివిడిగ పలుకుట మానవ స్వభావము కాదు గదా! ధారాళముగ సాగు వాక్యమును గ్రహించుటయే తరువాతి మెట్టు.

ఆ 1969వ సంవత్సరముననే ఈ రంగమునకు ఒక గట్టి ఆక్షేపణము ఎదురైనది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జాన్ పియర్స్, అమెరికా ధ్వనిశాస్త్ర సంఘ పత్రికలో ఒక లేఖను ప్రకటించి, వాగ్గ్రహణ పరిశోధనలకు శాస్త్రీయ ప్రయోజనమును ప్రశ్నించెను. మనుష్యుడు భాష నెరుగును గనుక, చెప్పబోవు విషయము నూహింపగలడు గనుక మాటను గ్రహించును. ధ్వనిని మాత్రమే పరీక్షించు యంత్రమునకు అది సాధ్యపడదు అనునది ఆ వాదమునందలి సారము. ఈ ఆక్షేపణము వలన కొన్ని చోట్ల పరిశోధనలకు ద్రవ్యసహాయము ఆగిపోయినది. కాని దానియందే ఒక మార్గసూచనయు కలదు. భాషాజ్ఞానము లేనిచో వాగ్గ్రహణము లేదన్నచో, ఆ జ్ఞానమును యంత్రమునకు సమకూర్చుటయే కర్తవ్యమగును. రెడ్డిగారి తరువాతి కృషి యంతయు ఈ దిశగ సాగినది.

నల్లబల్ల పద్ధతి

1969లో వారు పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరిరి. అప్పటికచట ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ వంటి మహామేధావులుండిరి. అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధనా సంస్థ న్యూవెల్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించి, ఆ సంఘ నివేదికననుసరించి 1971లో అయిదేండ్ల ప్రణాళికను ఆరంభించెను. వేయి పదముల పరిమితిలో, ధారగ పలికిన వాక్యములను, అర్థమునందు నూటికి పదికి లోపు తప్పులతో గ్రహింపవలెననునది దాని లక్ష్యము. కార్నెగీ మెలన్‌లో ఆ కృషికి నాయకులు రెడ్డిగారు.

వారి బృందము నిర్మించిన మొదటి విధానము హియర్సే. చదరంగపు టెత్తులను నోటితో చెప్పగా అది గ్రహించెడిది. చదరంగమును ఎన్నుకొనుటలో ఔచిత్యము కలదు. బల్లపైనున్న పావుల స్థితినిబట్టి ఏ ఎత్తులు చెల్లునో యంత్రమునకు తెలియును గనుక, ధ్వని అస్పష్టమైనను సందర్భము దానికి తోడ్పడును. దీని తరువాత లీ అర్మన్, ఫ్రెడరిక్ హేస్ రోత్, విక్టర్ లెస్సర్ అనువారితో కలిసి రెండవ హియర్సేను నిర్మించిరి. ఇందలి ప్రధాన భావమునకు నల్లబల్ల పద్ధతి యని పేరు.

శిథిలమైన తాళపత్రమును పరిష్కరించుటకు కూర్చున్న పండితమండలిని ఊహించినచో ఈ పద్ధతి సులభముగ బోధపడును. ఒకరు లిపి నెరిగినవారు, ఒకరు ఛందస్సు నెరిగినవారు, వేరొకరు వ్యాకరణజ్ఞులు, మరియొకరు ఆ కథ నెరిగినవారు. లిపిజ్ఞుడు ఈ అక్షరము పకారమో షకారమో కావచ్చుననును. ఛందోవేత్త ఇచట గురువు ఉండితీరవలెననును. వైయాకరణుడు ఈ విభక్తి పొసగదనును. కథ నెరిగినవాడు ఇచట నాయకుని పేరుండవచ్చుననును. అందరును తమ తమ ఊహలను ఒకే నల్లబల్లపై వ్రాయుచు, ఒకరి ఊహను మరియొకరు సవరించుచు పోగా, తుదకు ఒక పాఠము నిలుచును. ఎవరును ఎవరికిని ఆజ్ఞాపింపరు. ఎవరు ముందు పలుకవలెనను నియమమును లేదు. ఎవరికి చెప్పదగినది దొరికిన, వారు లేచి వ్రాయుదురు. హియర్సేలో ఈ పండితుల స్థానమున ధ్వని, అక్షరము, పదము, పదబంధము మొదలగు అంతస్తులకు చెందిన కార్యక్రమములుండెను. కృత్రిమ మేధాశాస్త్రమున ఈ పద్ధతి వాగ్గ్రహణమును దాటి ఇతర సమస్యలకును వ్యాపించినది.

డ్రాగన్, హార్పీ

అదే విభాగమున, రెడ్డిగారి శిష్యులే మరియొక మార్గమును తొక్కిరి. జేమ్స్ బేకర్ 1975లో ముగించిన డ్రాగన్ అను విధానము భాషాశాస్త్ర సూత్రములను వేరువేరుగ చెప్పక, ఏ ధ్వని పిదప ఏ ధ్వని వచ్చుటకు ఎంత సంభావ్యత కలదో లెక్కించుటపై ఆధారపడెను. రష్యా దేశపు గణితజ్ఞుడు మార్కోవ్ పేరిట ప్రసిద్ధమైన సంభావ్యతా గణితము దీనికి మూలము. బ్రూస్ లవర్ 1976లో ముగించిన హార్పీ ఈ రెండు మార్గముల గుణములను కలుపుకొన్నది. వ్యాకరణము, పదకోశము, ఉచ్చారణభేదములు, పదముల కలయికలో వచ్చు మార్పులు అన్నియు ముందుగనే ఒకే వలగ అల్లబడినవి. ఆ వలయందు సుమారు 15,000 ముడులుండెను. యంత్రము విన్న ధ్వనిని అనుసరించి ఈ వలలో త్రోవ వెదకును. అన్ని త్రోవలను తుదివరకు పరీక్షింపక, అడుగడుగునను మేలైనవానిని, వానికి దగ్గరగ నున్నవానిని మాత్రమే నిలుపుకొని తక్కినవానిని విడిచిపెట్టును.

1976లో ప్రణాళిక ముగిసినపుడు రెండవ హియర్సే లక్ష్యమును సమీపించినది. హార్పీ 1,011 పదములతో, అర్థమునందు నూటికి అయిదు తప్పులతో లక్ష్యమును చేరినది. ఈ ఫలితమునకు హద్దులును కలవు. వక్త ముందుగ కొన్ని వాక్యములు పలికి తన కంఠమును యంత్రమునకు పరిచయము చేయవలెను. వలలో లేని వాక్యమును అది గ్రహింపజాలదు. అయినను పియర్స్ ఆక్షేపణమునకు ఏడేండ్లలోపల లభించిన ప్రత్యక్ష సమాధానమిది. ఆ సంవత్సరముననే రెడ్డిగారు ఈ రంగమును సమగ్రముగ సమీక్షించుచు ప్రకటించిన వ్యాసము చిరకాలము విద్యార్థులకు పాఠ్యమైనది.

విభిన్న మతములను ఒకే ప్రయోగశాలలో పోషించుట వీరి బోధనా విధానమునందలి విశేషము. హియర్సే గురువుగారి స్వంత కల్పనతో కూడినది. డ్రాగన్ దానికి దాదాపు ప్రతిపక్షము. అయినను శిష్యుని మార్గమునకు అడ్డు చెప్పలేదు. 1980వ దశకమున కైఫూ లీ అను శిష్యుడు సంభావ్యతా మార్గమునే చేపట్టి, 1988లో స్ఫింక్స్ అను విధానమును పూర్తిచేసెను. ఎవరు పలికినను, ముందస్తు పరిచయము లేకయే, 997 పదముల పరిమితిలో ధారాళవాక్యములను అది గ్రహించెను. దాని ఫలితములలో ఒక విషయము భాషా పండితులకు మిక్కిలి గమనింపదగినది. ఏ పదము తరువాత ఏ పదమైనను రావచ్చునని విడిచిపెట్టినపుడు అది నూటికి 71 పదములను సరిగ గుర్తించెను. పదముల క్రమమును గూర్చిన జ్ఞానమును జతచేయగా అదే యంత్రము నూటికి 96 పదములను గుర్తించెను. ధ్వనిపరిశీలనము ఒకటే, భేదమంతయు వాక్యక్రమ జ్ఞానమువలన కలిగినదే.

జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో స్థాపించిన సంస్థనుండి 1997లో సామాన్యులు వాడదగిన వాగ్లేఖన సాధనము వెలువడినది. తెలుగువారైన ఆచార్య బయ్యా యజ్ఞనారాయణగారు 1977 నుండి 1980 వరకు కార్నెగీ మెలన్‌లో సందర్శక ఆచార్యులుగ నుండి, అటుపిమ్మట మద్రాసు ఐ.ఐ.టి.లో వాక్సంకేత పరిశోధనకు బలమైన కేంద్రమును నెలకొల్పిరి.

పదవులు, సత్కారములు

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్సు పరిశోధనాలయము వెలయగా రెడ్డిగారు దానికి స్థాపక సంచాలకులై 1991 వరకు నడిపిరి. 1991 నుండి 1999 వరకు కంప్యూటరు శాస్త్ర విద్యాలయమునకు డీనుగ నుండిరి. 1987 నుండి 1989 వరకు అమెరికాలోని కృత్రిమ మేధా సంఘమునకు అధ్యక్షులైరి. పారిసు నగరమున వెలసిన ప్రపంచ కంప్యూటరు కేంద్రమున చేసిన సేవకుగాను 1984లో ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ వీరికి లెజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవమునిచ్చెను. కంప్యూటరు శాస్త్రమున సర్వోన్నతమైన ట్యూరింగు పురస్కారము 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పాటు వీరికి లభించెను. ఆసియా ఖండమున పుట్టినవారిలో ఆ పురస్కారమును మొదట పొందినవారు వీరే. భారత ప్రభుత్వము 2001లో పద్మభూషణ బిరుదముతో సత్కరించెను.

స్వదేశమున వీరి సేవ ముఖ్యముగ మూడు విధములు. 1998లో స్థాపితమైన హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. పాలకమండలికి చిరకాలము అధ్యక్షులుగ నుండిరి. 2008లో గ్రామీణ విద్యార్థులకొరకు బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఆరేండ్ల చదువుతో ఆరంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి చాన్సలరైరి. మూడవది పదిలక్షల గ్రంథముల ప్రణాళిక. భారత, చైనా, ఈజిప్టు దేశముల సంస్థలతో కలిసి గ్రంథములను పుట పుటగ ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులో భద్రపరచుట దీని ఉద్దేశము. 2007 నాటికి పదునైదు లక్షలకు మించిన గ్రంథములు ఇట్లు చేరినవి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆధారముగ నడచిన భారతీయ శాఖయందు వేలకొలది తెలుగు గ్రంథములు చేరినవి. ఆ శాఖ మూలసేవ తరువాతి కాలమున నిలిచిపోయినను, ప్రతులలో అనేకము ఇంటర్నెట్ ఆర్కైవునందు నిలిచియున్నవి. రోమను లిపిలో వ్రాసిన గ్రంథనామములయందు తప్పులు, పుటలు జారిపోవుట మొదలగు లోపములు లేకపోలేదు. అయినను పునర్ముద్రణ లేని పాత పత్రికలు, నిఘంటువులు, ప్రబంధ వ్యాఖ్యానములు మారుమూల నున్న పరిశోధకునకు అందుట ఈ ప్రణాళిక ఫలమే.

తెలుగునకు సంబంధించిన విచారము

హార్పీ నిర్మాతలు ఆంగ్లమున పదములు కలిసినపుడు వచ్చు మార్పులకు ప్రత్యేక సూత్రములు వ్రాయవలసివచ్చెను. మన వైయాకరణులు సంధి యని వ్యవహరించునది ఇదియే. తెలుగున ఈ అవసరము మరింత అధికము. 'రాముడు', 'ఇచ్చెను' అను పదములను వేరువేరుగ మాత్రమే ఎరిగిన యంత్రము 'రాముడిచ్చెను' అని వినినపుడు మొదటి పదము చివరి ఉకారమును కానక తడబడును. 'పాలు లేవు' అను మాట వాడుకలో 'పాల్లేవు' అని వినబడును. వ్రాతలో విడదీసిన సంధి నోట విడిపోదు. కావున సంధిసూత్రములు యంత్రమునకు అలంకారములు కావు, ఆవశ్యకములు.

పదసంఖ్య రెండవ చిక్కు. ఆంగ్లమున వేయి పదములతో ఒక చిన్న వ్యవహారము జరుగును. తెలుగున 'చేయు' అను ఒక్క ధాతువునుండియే చేసెను, చేయును, చేయుచున్నాడు, చేయలేదు, చేయించెను, చేయించుకొనెను, చేయవలసియుండెను అని రూపములు పుంఖానుపుంఖములుగ వెలువడును. రూపమునకొక పదముగ లెక్కించినచో ఎంత పెద్ద కోశమైనను చాలదు. ధాతువును, ప్రత్యయములను విడివిడిగ నుంచి, వాని కూర్పునకు నియమములనిచ్చుట మేలు. హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.కి తొలి సంచాలకులైన రాజీవ్ సంగల్, వినీత్ చైతన్యగారితో కూడి 1995లో ప్రకటించిన గ్రంథమున భారతీయ భాషల యంత్రపరిష్కారమునకు పాణినీయ దృష్టిని ఆధారము చేసికొనుట ఈ సందర్భమున స్మరణీయము.

మూడవది మాండలిక భేదము. ఒకచోట చేశాడు, ఒకచోట చేసినాడు, ఒకచోట చేసిండు. పత్రికాభాషను మాత్రమే నేర్చిన యంత్రము కర్షకుని మాటను, చేనేతవాని మాటను తప్పుగ గ్రహించును. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములకు చెందినది. అట్టి క్షేత్రసేకరణలకు తోడు ఆ మాటలు పలికిన కంఠస్వరములును భద్రపరుపబడినచో, అవి నేటి యంత్రములకు పాఠములగును.

2010 తరువాత నాడీజాలములను అనుకరించు గణనపద్ధతులు ప్రబలి, సూత్రములను వ్రాయుటకంటె వేలకొలది గంటల వాక్సంపుటులనుండి యంత్రమే నేర్చుకొనుట ప్రధానమైనది. భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణి కార్యక్రమము ఈ దిశకు చెందినదే. దీనినిబట్టి భాషాశాస్త్రమునకు ఇక పనిలేదని తలచువారు కలరు. కాని ఏ ప్రాంతపు, ఏ వృత్తివారి, ఏ వయస్సువారి మాటను సేకరింపవలెను, పలికినదానిని పలికినట్లు ఎట్లు లిఖింపవలెను, యంత్రము చేసిన తప్పు ధ్వనియందా సంధియందా ప్రత్యయమునందా యని నిర్ణయించుటెట్లు అను ప్రశ్నలకు సమాధానము భాషావేత్తయే చెప్పవలెను. సేకరణమున లేని మాండలికము యంత్రమునకు లేనట్లే యగును.

చదువు రానివారికి కంప్యూటరు ఉపకరింపవలెనన్నచో అది వారి నోటిమాటను గ్రహింపవలెననునది రెడ్డిగారు పలుమారు ప్రతిపాదించిన విషయము. అక్షరము తెలియని రైతు తన ఊరి మాటతో అడిగి, తన ఊరి మాటలో సమాధానము వినగలుగుట ఈ శాస్త్రమునకు గీటురాయి. హార్పీ వేయి పదములతో దాటిన పరీక్షకంటె ఇది కఠినమైనది. దానికి కావలసిన ఉపకరణములలో సగము గణనశాస్త్రజ్ఞుల చేతిలోను, సగము భాషాశాఖల చేతిలోను కలవు. ధ్వనివేత్తను, వైయాకరణుని, కథ నెరిగినవానిని ఒకే నల్లబల్ల యెదుట కూర్చుండబెట్టిన పద్ధతి, యంత్రములకే కాక విశ్వవిద్యాలయములలోని విభాగములకును వర్తించునని గ్రహింపవలెను.